‘వైల్డ్‌టైప్’ కేజ్‌లో కండరాల జబ్బు: ఒక కేస్ స్టడీ

ఈ కేస్ నా దగ్గరికి తెచ్చింది పరిశోధకులు కాదు. రోజూ కేజ్‌లు మార్చి, మేత వేసి, నీళ్ల సీసాలు నింపే మా అటెండర్ అన్న. పొద్దున రౌండ్స్‌లో ఉండగా పిలిచి, ర్యాక్ అడుగు వరసలోంచి ఒక కేజ్ బయటికి లాగాడు.

“మేడం, ఇవి మేతకాడికి ఎక్కుతలేవు. పది దినాల సంది చూస్తున్న. పెల్లెట్లు వేసినయ్ వేసినట్టే ఉంటున్నయ్.”

ఎలుకల కేజ్ చూడనివాళ్ల కోసం ఒక మాట. మేత కింద పోయం. మూతకి ఉండే ఇనుప కమ్మీల తొట్టిలో పెల్లెట్లు పోస్తాం. ఎలుక వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లతో కమ్మీ పట్టుకుని, కింది నుంచి కొరుక్కు తింటుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకి ఇది ఆట లాంటిది. కమ్మీలకి తలకిందులుగా వేలాడుతూ ఈ మూల నుంచి ఆ మూలకి పోతుంది. ఈ కేజ్‌లో నాలుగు ఆడ ఎలుకలున్నాయి. నేను చూస్తుండగానే ఒకటి లేచింది. ముందు కాళ్లు కమ్మీకి ఆనాయి. రెండుసార్లు కొరికింది, అంతలోనే నడుము జారి కూలబడింది. మళ్లీ లేవలేదు. కింద పరిచిన మొక్కజొన్న కండె పొడిలో రాలిన మేత తునకలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

కేజ్ కార్డు చూశాను. వయసు 13 నెలలు. జీనోటైప్ గడిలో ‘వైల్డ్‌టైప్’ అని రాసి ఉంది. అంటే మనం చొప్పించిన జన్యువు లేని మామూలు ఎలుక.

అదే గదిలో, రెండు వరసల పైన, కండరాల జబ్బు కోసమే పెంచుతున్న ట్రాన్స్‌జెనిక్ ఎలుకలు ఉన్నాయి. వాటిలో ఏదైనా ఇలా కూలబడితే ఎవరూ ఆశ్చర్యపోరు, నోట్‌బుక్‌లో ఒక లైను రాసుకుంటారు. జన్యువు చొప్పించని తోబుట్టువులు కూలబడటం మాత్రం మామూలు విషయం కాదు.

నేను పశువైద్యురాలిని. హైదరాబాద్ శివార్లలోని ఒక పరిశోధనా సంస్థలో ప్రయోగశాల జంతువుల ఆరోగ్యం చూస్తాను. 14 ఏళ్లుగా ఇదే పని. ఈ కేస్‌ని పూర్తిగా రాయడానికి కారణం ఒకటుంది. ఇలాంటిది ఇంకో కాలనీలో ఇప్పుడు కూడా జరుగుతూ ఉండొచ్చు. పట్టుకోవడానికి ఖరీదైన మిషన్లేమీ అక్కర్లేదు.

ముందు కాలనీ సంగతి. అస్థి కండరాల్లో మాత్రమే పనిచేసే ప్రమోటర్‌కి (జన్యువుని ఎక్కడ పనిచేయించాలో చెప్పే స్విచ్ లాంటిది) ఒక మానవ జన్యువుని జోడించి, దాన్ని ఫలదీకరణ చెందిన గుడ్డులోకి ఇంజెక్ట్ చేసి పుట్టించిన ఎలుకలు ఇవి. ఆ జన్యువు పేరుతో ఈ కథకి పని లేదు. తయారు చేసింది ఇక్కడ కాదు, విదేశంలోని ఒక ల్యాబ్‌లో. మాకు రెండు మగ ఎలుకలు వచ్చాయి. క్వారంటైన్ అయ్యాక వాటిని మా దగ్గరున్న సీ57బీఎల్/6 ఆడ ఎలుకలతో జత కట్టించారు. ప్రపంచంలో ఎక్కువగా వాడే నల్ల ఎలుక ఇదే, ల్యాబ్‌లలో అందరూ ‘బ్లాక్ సిక్స్’ అంటారు. రెండు తరాలు అలా చేసి, సంఖ్య పెంచడానికి ఆ తర్వాత పుట్టినవాటిని వాటిలో వాటికే జత కట్టించారు. మా రిజిస్టర్‌లో జాతి గడిలో ‘సీ57బీఎల్/6’ అనే రాసుకున్నాం.

రీసెర్చ్ స్కాలర్‌కి వచ్చిన ఫలితం ఏంటంటే, 8 నెలలు దాటాక ట్రాన్స్‌జెనిక్ ఎలుకల్లో కొన్నింటికి పట్టు తగ్గుతోంది, తొడ కండరంలో కణాలు చచ్చి మళ్లీ పుడుతున్న గుర్తులు కనిపిస్తున్నాయి. అన్నింటికీ రావడం లేదు, కొన్నింటికే. దానికి ‘ఇన్‌కంప్లీట్ పెనెట్రెన్స్’ అని పేరు పెట్టుకున్నారు. జన్యువు ఉన్నా కొన్ని జంతువుల్లోనే జబ్బు బయటపడుతుంది అని అర్థం. ఇది నిజంగా ఉండే విషయమే, కనుక ఎవరికీ అనుమానం రాలేదు. పోల్చి చూడటానికి కంట్రోల్స్‌గా మా స్టాక్ కాలనీలోని అదే వయసు బ్లాక్ సిక్స్ ఎలుకల్ని వాడారు. ట్రాన్స్‌జీన్, అంటే చొప్పించిన ఆ జన్యువు, లేని తోబుట్టువుల్ని పాలు మాన్పించే 3 వారాల వయసులోనే తీసేసేవాళ్లు. కేజ్‌లు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఎవరైనా అదే చేస్తారు.

ఈ నాలుగూ బతికి ఉండటమే అనుకోకుండా జరిగింది. పిల్లల్ని సాకేటప్పుడు తల్లికి తోడుగా ఉంచి, ఆ తర్వాత తీయడం మర్చిపోయారు. అలా 13 నెలలు వచ్చాయి.

పరీక్షకి కూర్చున్నాం. నాలుగింటి బరువూ బాగానే ఉంది. వెంట్రుకలు కాస్త చెదిరి ఉన్నాయి, కళ్లు తేటగా ఉన్నాయి. పళ్లు పెరిగి మేత కొరకలేకపోతున్నాయేమో అని ముందు నోరు చూశాను. పళ్లు సరిగ్గానే ఉన్నాయి. వెన్ను, నడుము, తోక మొదలు తడిమి చూశాను. దెబ్బల గుర్తులు లేవు. వెనక కాళ్లు గిల్లితే వెంటనే లాక్కున్నాయి, అంటే స్పర్శ ఉంది.

తోక పట్టి మెల్లగా పైకెత్తితే ఆరోగ్యంగా ఉన్న ఎలుక వెనక కాళ్లని రెండు పక్కలకీ బాగా చాపుతుంది. ఈ నాలుగింట్లో మూడు కాళ్లని సగం చాపి వదిలేశాయి, మధ్యలో వణుకు. వైర్ టెస్ట్‌లో కేజ్ మూత మీద ఎలుకని పెట్టి, మెల్లగా తిప్పి, కింద మెత్తటి పరుపు ఉంచి, ఎంతసేపు వేలాడుతుందో చూస్తాం. నాలుగోది నిమిషం దాటినా హాయిగా వేలాడుతూ, పైగా కమ్మీ మీదికి ఎక్కేసింది. మిగతా మూడూ కొద్ది సెకన్లకే పడ్డాయి. అవి పడిన తీరు నేను చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. ముందు కాలివేళ్లు వదల్లేదు. ముందు వెనక కాళ్లు జారాయి, ఒళ్లంతా ముందు కాళ్లకి వేలాడింది, తర్వాత భుజం లొంగిపోయింది. వేళ్లలో బలం ఉంది. తొడలో, భుజంలో లేదు.

ఒంటి మొదలుకి దగ్గరగా ఉన్న కండరాలు ముందు దెబ్బతిని, చివర్లు తర్వాత దాకా నిలబడటం నరాల జబ్బు కంటే కండరాల జబ్బుకి దగ్గరగా ఉండే గుర్తు.

అయినా మిగతావన్నీ వరసగా చూసుకోవాల్సిందే. ఎలుకల్లో వెనక కాళ్లు పడిపోవడానికి థైలర్ వైరస్ ఒక కారణం. అలాంటివి పట్టుకోవడానికే ప్రతి గదిలో సెంటినల్ ఎలుకలు పెడతాం. వాటికి మిగతా కేజ్‌ల వాడిన బెడ్డింగ్ వేసి, మూడు నెలలకోసారి రక్తం పరీక్ష చేయిస్తాం. ఆ గది సెంటినల్స్ రిపోర్టులన్నీ నెగెటివ్. విటమిన్ ఇ లోపిస్తే కూడా కండరాలు చెడతాయి, కానీ అదే బస్తా మేత తిన్న స్టాక్ ఎలుకలు గంతులు వేస్తున్నాయి. ముసలితనం అనుకుందామంటే, 13 నెలల ఎలుక నడివయసుదే.

రక్తం తీశాం. కండరం చెడితే రక్తంలోకి వచ్చే ఎంజైమ్ క్రియాటిన్ కైనేజ్, మేం సీకే అంటాం, మూడింట్లో స్పష్టంగా పెరిగి ఉంది. ఎలుకని గట్టిగా పట్టుకున్నా ఈ అంకె పెరుగుతుంది కాబట్టి, రెండు రోజులాగి, జాగ్రత్తగా పట్టుకుని మళ్లీ తీశాను. అప్పుడూ ఎక్కువే. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా ఎక్కువగా ఉన్నాయి. ఈ రెండింటినీ మనం కాలేయం టెస్టులుగానే చూస్తాం. నిజానికి కండరంలో కూడా ఇవి ఉంటాయి. సీకే చూడకుండా ఈ రెండే చూసి, కండరాల జబ్బు ఉన్న మనుషులకి కాలేయం మందులు రాసిన సందర్భాలు వైద్యంలో చాలా ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా కారణం తెలియకుండా ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉండి, మెట్లు ఎక్కడం కూడా కష్టమవుతుంటే, సీకే ఒకటి చేయించమని డాక్టర్‌ని అడగండి.

స్కాలర్‌కి, వాళ్ల గైడ్‌కి చెప్పి, బాగా నీరసించిన ఎలుకకి నొప్పి లేకుండా ప్రాణం తీసి పోస్ట్‌మార్టం చేశాం. చర్మం తీయగానే తేడా తెలిసింది. తొడ ముందు భాగంలో ఉండే క్వాడ్రిసెప్స్ కండరం ఎర్రగా ఉండాల్సింది, వెలిసిపోయిన గులాబీ రంగులో ఉంది, మధ్యలో సన్నటి తెల్లటి చారలు. వెన్నుపూసకి అంటుకుని ఉండే సోయాస్ కండరం ఇంకా అధ్వాన్నంగా ఉంది, సగం కొవ్వే. మోకాలి కింద ముందు వైపు ఉండే టిబియాలిస్ యాంటీరియర్ మాత్రం దాదాపు మామూలుగానే ఉంది. తీయడం తేలిక కాబట్టి కండరాల ల్యాబ్‌లలో చాలామంది ముందు తీసేది ఇదే కండరం. ఇది ఒక్కటే చూసి ఉంటే ‘నార్మల్’ అని రాసేసేవాళ్లం.

కండరం ముక్కల్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన ఐసోపెంటేన్‌లో ముంచి, సన్నటి పొరలుగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాం. ఆరోగ్యంగా ఉన్న కండర కణంలో కేంద్రకాలు అంచున ఉంటాయి. ఇక్కడ చాలా కణాల్లో నడిమధ్యకి వచ్చేసి ఉన్నాయి. ఆ కణం ఒకసారి చచ్చి మళ్లీ కట్టుకున్నదని దానర్థం. ఎలుక కండరంలో ఈ గుర్తు చాలాకాలం చెరగదు. కొన్ని కణాలు లావు, కొన్ని పీలిక. మధ్యమధ్యలో చనిపోతున్న కణాలు, వాటిని శుభ్రం చేయడానికి చేరిన తెల్ల రక్తకణాల గుంపులు. ఖాళీ అయిన చోట కొవ్వు.

స్కాలర్ తన స్లైడ్ తెచ్చి పక్కన పెట్టాడు. జబ్బు పడిన ట్రాన్స్‌జెనిక్ ఎలుకది. రెండూ ఒకదాని పక్కన ఒకటి పెడితే ఏది ఏదో చెప్పలేకపోయాం. అతను తలెత్తి నా వైపు చూశాడు కానీ ఏం అనలేదు. అతనికి అప్పుడే అర్థమైందని నాకు తెలుసు.

మొదట వచ్చిన అనుమానం, జీనోటైపింగ్‌లో పొరపాటు జరిగి ఈ నాలుగూ ట్రాన్స్‌జెనిక్ ఎలుకలే అయ్యుంటాయని. తోక చివర మళ్లీ కొద్దిగా తీసి పీసీఆర్ చేశాం, రెండుసార్లు. ట్రాన్స్‌జీన్ లేదు. కండరంలో ఆ ప్రొటీన్ కూడా లేదు.

ఇక్కడ ఒక రోజంతా ఆగిపోయాం. మర్నాడు అటెండర్ అన్నని అడిగాను, ఈ కాలనీలో ఎప్పుడైనా తెల్ల పిల్లలు పుట్టాయా అని. ఎందుకడిగానంటే, నాలుగింట్లో రెండు ఎలుకలు నాకు గుడ్డివిగా అనిపించాయి. తోక పట్టి టేబుల్ వైపు మెల్లగా దించితే చూపున్న ఎలుక, మీసాలు తగలకముందే ముందు కాళ్లు చాపుతుంది. ఈ రెండూ మీసం టేబుల్‌కి తగిలేదాకా చాపలేదు. బ్లాక్ సిక్స్‌కి మామూలుగా ఈ వయసుకి గుడ్డితనం రాదు, అంటే వేరే జాతి కలిసిందేమో అనిపించింది.

“పుడతయ్ మేడం, అప్పుడప్పుడు ఒకటి రెండు. గవాటిని ముందే తీసేస్తం కదా, నల్లయే కావాలన్నరని.”

బ్లాక్ సిక్స్‌లో తెల్ల రంగు జన్యువు ఉండదు. స్వచ్ఛమైన బ్లాక్ సిక్స్ జంటకి తెల్ల పిల్ల పుట్టదు. పుట్టిందంటే వంశంలో ఇంకెవరో ఉన్నారు. ఎలుకలు వచ్చినప్పటి విదేశీ కాగితాల ఫైలు తీయించాం. మూడో పేజీలో, హెల్త్ రిపోర్టు కింద, చిన్న అక్షరాల్లో ఉంది: బ్యాక్‌గ్రౌండ్, బీ6ఎస్‌జేఎల్.

బీ6ఎస్‌జేఎల్ అంటే బ్లాక్ సిక్స్‌కి, ఎస్‌జేఎల్ అనే తెల్ల ఎలుకకి పుట్టిన సంకరం. ట్రాన్స్‌జెనిక్ ఎలుకల్ని తయారు చేసేవాళ్లకి ఈ సంకరం అంటే ఇష్టం. స్వచ్ఛమైన జాతుల కంటే గుడ్లు ఎక్కువ ఇస్తుంది, ఇంజెక్షన్ పొడిచినా ఆ గుడ్లు తట్టుకుంటాయి, తల్లులు పిల్లల్ని బాగా సాకుతాయి. అందుకే గత కొన్ని దశాబ్దాల్లో పుట్టిన ఎన్నో లైన్ల మూలం ఇదే. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు పరిశోధనలో అందరూ వాడే ఎస్ఓడీ1 ఎలుక కూడా ఎక్కువగా ఈ సంకరంలోనే పెరుగుతుంది.

ఎస్‌జేఎల్ జాతిని అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లేబొరేటరీలో 1955లో మొదలుపెట్టారు. ఇన్‌బ్రెడ్ జాతి అనాలంటే అన్నాచెల్లెళ్లని కనీసం 20 తరాలు జత కట్టించాలి. మనకి మేనరికం సంగతి తెలుసు. తల్లి వైపు, తండ్రి వైపు ఒకే లోపం దాగి ఉంటే బిడ్డలో రెండు ప్రతులూ కలిసి బయటపడతాయి. 20 తరాల అన్నాచెల్లెళ్ల సంతానంలో ఏ లోపం ఉన్నా అది ఆ జాతి మొత్తానికీ స్థిరపడిపోతుంది. ఎస్‌జేఎల్‌లో అలా స్థిరపడ్డవి చాలా ఉన్నాయి. తెల్ల రంగు ఒకటి. రెటీనా పాడై, పాలు మానే వయసుకే చూపు పోగొట్టే ఆర్‌డీ1 అనే మార్పు ఒకటి. మూడోది డిస్ఫర్లిన్.

ఎస్‌జేఎల్ కండరాల్లో వాపు వస్తుందని ముందే గమనించారు. దాన్ని రోగనిరోధక వ్యవస్థ వల్ల వచ్చే మయోసైటిస్‌కి నమూనాగా వాడుకున్నారు కూడా. దెబ్బ తగిలిన కండరం ఈ జాతిలో భలేగా కోలుకుంటుందని, ఆ సామర్థ్యం చదవడానికి మరికొందరు వాడుకున్నారు. 1998లో మనుషుల్లో లింబ్ గర్డిల్ డిస్ట్రఫీలో ఒక రకం, మియోషి మయోపతి అనే రెండు కండరాల జబ్బులకి ఒకే జన్యువు కారణమని తేలింది. ఆ జన్యువు తయారు చేసే ప్రొటీనే డిస్ఫర్లిన్. మరుసటి ఏడాది, 1999లో, ఎస్‌జేఎల్ ఎలుకలో కూడా అదే జన్యువు చెడిందని బయటపడింది. జన్యువు సందేశాన్ని కత్తిరించి అతికే స్ప్లైసింగ్‌లో లోపం వల్ల సందేశంలో 171 అక్షరాలు జారిపోతాయి. ప్రొటీన్‌లో 57 అమైనో ఆమ్లాలు తగ్గుతాయి. మిగిలిన ప్రొటీన్ నిలవదు, మామూలు మోతాదులో 15 శాతం దాకా మాత్రమే ఉంటుంది. ఇన్నేళ్లూ దాన్ని వాపు జబ్బనుకున్నవాళ్ల కళ్లముందు ఉన్నది అసలు కండరాల క్షీణత.

డిస్ఫర్లిన్ చేసే పని మన వీధి చివర పంక్చర్ షాపు పనే. కండరం బిగిసి సడలిన ప్రతిసారీ కణం పైపొరకి సన్నటి చిరుగులు పడుతుంటాయి. అది మామూలే. చిరిగిన చోట కాల్షియం లోపలికి రాగానే, కణం లోపలున్న చిన్న తిత్తులు అక్కడికి పరిగెత్తి, పొరకి అతుక్కుని చిల్లు పూడుస్తాయి. ఆ అతుకు పడాలంటే డిస్ఫర్లిన్ కావాలి. 2003లో అయోవా యూనివర్సిటీలో కెవిన్ క్యాంప్‌బెల్ బృందం దీన్ని కంటితో చూపించింది. కణాన్ని రంగు నీటిలో ఉంచి, లేజర్‌తో పొరకి చిల్లు పెట్టారు. మామూలు కణంలో కాసేపటికే రంగు లోపలికి పోవడం ఆగింది. డిస్ఫర్లిన్ లేని కణంలో పోతూనే ఉంది. డుషేన్ అనే కండరాల క్షీణత జబ్బులో లోపించే డిస్ట్రోఫిన్ పని వేరు, అది పొరకి లోపలి నుంచి దన్ను. అది లేకపోతే చిరుగులే ఎక్కువ పడతాయి. డిస్ఫర్లిన్ లేకపోతే పడిన చిరుగు పూడదు. అందుకే ఈ జబ్బు చిన్న వయసులో తెలియదు. ఎలుకల్లో ఆరు నెలలు దాటాక గాని బాగా కనిపించదు. మనుషుల్లో కూడా అంతే, పదిహేను ఇరవై ఏళ్ల దాకా ఆటల్లో ముందుండే పిల్లలు ఒకరోజు మునివేళ్ల మీద నిలబడలేకపోతున్నామని గమనిస్తారు.

ఎస్ఓడీ1 ఎలుకల్లో ఈ సమస్య ఎందుకు పెద్దగా బయటపడదో కూడా ఇక్కడే ఉంది. అవి నాలుగు నెలలు దాటి కొద్ది రోజులకే చనిపోతాయి. డిస్ఫర్లిన్ లోపం తన ముఖం చూపించేలోపే.

ఇక పరీక్ష. డిస్ఫర్లిన్ మార్పుని పీసీఆర్‌లో పట్టుకోవడానికి ప్రైమర్లు, అంటే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, తెప్పించుకున్నాం. నాలుగింట్లో బలహీనంగా ఉన్న మూడింటికీ రెండు ప్రతులూ ఎస్‌జేఎల్ రకం. హాయిగా వేలాడిన నాలుగోదానికి ఒక ప్రతి మంచిది, ఒకటి చెడ్డది, అంటే క్యారియర్. గుడ్డితనం విషయంలో లెక్క వేరు. ఆర్‌డీ1 రెండు ప్రతులూ ఉన్న రెండింటిలో ఒకటి ఈ క్యారియరే. తెల్ల రంగు, చూపు, కండరం మూడూ మూడు వేరు క్రోమోజోముల మీద ఉన్న జన్యువులు కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని చెప్పలేం. తెల్ల పిల్లల్ని తీసేస్తే కాలనీ శుభ్రమవుతుందని ఎవరైనా అనుకుంటే తప్పు. అవి పుట్టడం ఒక కబురు మాత్రమే.

స్కాలర్ చేసిన ఒక మంచి పని ఇప్పుడు అక్కరకొచ్చింది. తను వాడిన ప్రతి ట్రాన్స్‌జెనిక్ ఎలుక తోక నమూనానీ మైనస్ 20 ఫ్రీజర్‌లో, ఇయర్ ట్యాగ్ నంబరుతో దాచిపెట్టాడు. అలా 58 ఉన్నాయి. నాలుగు రోజులు కూర్చుని అన్నింటికీ పీసీఆర్ చేశాడు. జెల్ ఫోటోలు వచ్చేటప్పుడు పక్కన నేనూ ఉన్నాను. నోట్‌బుక్‌లో ‘జబ్బు ఉంది’ అని రాసినవి 13. ఆ 13కీ డిస్ఫర్లిన్ రెండు ప్రతులూ చెడ్డవే. పద్నాలుగో ఎలుకకి కూడా రెండూ చెడ్డవే, కానీ దాన్ని వేరే ప్రయోగానికి మూడు నెలల వయసులోనే తీసేశారు. మిగతా 44లో ఒక్కదానికీ జబ్బు లేదు. ట్రాన్స్‌జీన్ మాత్రం 58లోనూ ఉంది.

58లో 14. క్యారియర్లని క్యారియర్లతో కలిపితే నాలుగో వంతుకి రెండు ప్రతులు వస్తాయని ఇంటర్ పాఠంలో చదువుకున్నదే. ‘ఇన్‌కంప్లీట్ పెనెట్రెన్స్’ అని రెండేళ్లు అనుకున్నది ఆ నాలుగో వంతు. రెండు తరాలు బ్లాక్ సిక్స్‌తో కలపడం వల్ల ఈ మార్పు పల్చబడి ఉండాల్సింది. బ్రీడింగ్ రికార్డు తీస్తే తెలిసింది, మంచి సంతానం ఇస్తున్నాడని ఒకే మగ ఎలుకని మళ్లీ మళ్లీ వాడారు. వాడు క్యారియర్. వాడి పిల్లల్లో సగం క్యారియర్లు. వాళ్లనే వాళ్లకి కట్టారు.

ఆ సాయంత్రం స్కాలర్ నా గదికి వచ్చాడు. “మేడం, సినాప్సిస్ రాసేశాను. మాన్యుస్క్రిప్ట్ గైడ్ దగ్గర ఉంది” అన్నాడు. ఆ టెన్షన్‌లో మూడు రోజులుగా సరిగ్గా తినలేదని మొహం చెప్తోంది. నువ్వు చూసిన జబ్బు నిజం, దాని కారణం వేరు, ఈ మాట నువ్వే ముందు చెప్పడం మేలు అన్నాను. గైడ్ బాధపడ్డారు గాని కోప్పడలేదు. మాన్యుస్క్రిప్ట్ పంపకుండా ఆపేశారు. ఆ ఇద్దరి మీదా నాకు గౌరవం పెరిగింది. అచ్చయిన తర్వాత తెలిసి ఉంటే ఆ పేపర్ నమ్మి ఇంకెవరో, ఇంకెక్కడో, ఇంకొన్ని వందల ఎలుకల్ని పెంచేవాళ్లు.

ఈ కేస్‌లో నన్ను ఎక్కువ కలత పెట్టింది కంట్రోల్స్ విషయం. ట్రాన్స్‌జీన్ ఉన్న ఎలుకకి సరైన జోడీ అదే ఈతలో పుట్టి, అదే తల్లి పాలు తాగి, ట్రాన్స్‌జీన్ మాత్రం లేని తోబుట్టువు. ఎందుకంటే ఆ తోబుట్టువుకి కూడా అదే వంశం, అవే దాగిన లోపాలు. స్టాక్ కాలనీ నుంచి తెచ్చిన ఎలుక వేరే ఇంటి బిడ్డ. తోబుట్టువుల్ని ఉంచుకుని ఉంటే ఎనిమిది నెలలు దాటాక వాటిలో కూడా నాలుగో వంతుకి జబ్బు కనిపించేది. కేజ్‌ల ఖర్చు మిగిలిందనుకున్నాం. ఎన్ని జంతువుల ప్రాణాలు ఎందుకూ కాకుండా పోయాయో లెక్క వేస్తే అది మిగులు కాదు. జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రోటోకాల్‌లో కంట్రోల్స్ ఎక్కడివో అడిగే గడి ఉంది. దాని మీద సంతకం చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఎస్‌జేఎల్ ఒక్కదానితో అయిపోదు. ఏ/జే అనే జాతిలో కూడా డిస్ఫర్లిన్ చెడి ఉంది, అక్కడ కారణం వేరు, జన్యువు మధ్యలో ఒక రెట్రోట్రాన్స్‌పోజన్ (తన ప్రతిని ఇంకోచోట దూర్చే డీఎన్‌ఏ ముక్క) దూరింది. 2004లో ఇది తెలిసింది. డుషేన్‌కి నమూనా అయిన ఎండీఎక్స్ ఎలుకలో మార్పు బ్లాక్ టెన్ జాతిలో ఉన్నప్పుడు జబ్బు మెతకగా ఉంటుంది. అదే మార్పుని డీబీఏ/2 జాతిలోకి మారిస్తే జబ్బు బాగా ముదురుతుంది, ఆ జాతిలో ఉన్న వేరే జన్యువుల వల్ల. చివరికి బ్లాక్ సిక్స్ కూడా ఒక్కటి కాదు. 6జే రకంలో ఎన్ఎన్‌టీ అనే మైటోకాండ్రియా జన్యువు చెడి ఉంటుంది, 6ఎన్ రకంలో అది బాగుంటుంది గాని కంటికి సంబంధించిన ఆర్‌డీ8 ఉంటుంది. ఇప్పుడు జన్యువుని కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతితో నేరుగా బ్లాక్ సిక్స్ గుడ్లలోనే మార్పులు చేస్తున్నారు కాబట్టి బీ6ఎస్‌జేఎల్ వాడకం తగ్గుతోంది. పాత లైన్లు మాత్రం ఫ్రీజర్లలో, గదుల్లో ఇంకా ఉన్నాయి.

కాలనీని చక్కదిద్దడం ఇలా జరిగింది. జబ్బు పడిన ఎలుకలకి మేత కేజ్ అడుగునే వేసి, నీళ్ల సీసాకి పొడవు ముక్కు పెట్టి, రోజూ బరువు చూశాం. బరువు 20 శాతం తగ్గినా, పక్కకి పడుకోబెడితే తిరిగి లేవలేకపోయినా ఇక బాధ పెట్టకూడదని ముందే రాసుకున్నాం. ఎథిక్స్ కమిటీకి జరిగినదంతా రాసిచ్చాం. రెండు మంచి డిస్ఫర్లిన్ ప్రతులు, రెండు మంచి చూపు ప్రతులు ఉన్న ట్రాన్స్‌జెనిక్ ఎలుకల్ని వెతికి, వాటినే కొత్త బ్లాక్ సిక్స్ జంటలతో కలిపాం. ఆ తర్వాత మరిన్ని తరాలు, ప్రతి తరంలోనూ ఏ జాతి డీఎన్‌ఏనో చెప్పే మార్కర్లతో చూసుకుంటూ. పూర్తి కాంజెనిక్, అంటే చొప్పించిన జన్యువు తప్ప మిగతాదంతా దాదాపు బ్లాక్ సిక్సే, అనాలంటే పది తరాలు కావాలి, మార్కర్ల సాయంతో ఐదారు తరాల్లోనే దగ్గరికి రావొచ్చు. కేజ్ కార్డు మీద ఇప్పుడు ఒక గడి కాదు, మూడున్నాయి: ట్రాన్స్‌జీన్, డిస్ఫర్లిన్, చూపు. పుట్టిన పిల్లల రంగుని అటెండర్లు రాసే కాలమ్ ఒకటి రిజిస్టర్‌లో కలిపాం. అది అన్న అడిగి పెట్టించుకున్నది.

శుభ్రమైన కాలనీలో, తోబుట్టువుల్నే కంట్రోల్స్‌గా పెట్టుకుని, స్కాలర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. 12 నెలల వయసులో ట్రాన్స్‌జీన్ ఉన్నవీ లేనివీ వైర్ మీద ఒకేలా వేలాడాయి. క్వాడ్రిసెప్స్, సోయాస్ రెండు గుంపుల్లోనూ ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి. కేంద్రకాలు అంచునే ఉన్నాయి. పిక్కలోని సోలియస్ కండరంలో మాత్రం నిదానంగా పనిచేసే కణాల పాలు ట్రాన్స్‌జెనిక్ ఎలుకల్లో కొద్దిగా ఎక్కువగా కనిపిస్తోంది. చిన్న తేడానే. ఏ ఎలుక ఏదో తెలియకుండా స్లైడ్లు లెక్కపెట్టమని అతను నాకు డబ్బా ఇచ్చాడు. ఇప్పటికి సగం అయ్యాయి.